ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమాన మార్గం

ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమాన మార్గం భారతదేశ రాజధాని ఢిల్లీ లోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని, అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ తీరంలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయంతో కలిపే సుదూర గగన మార్గం. భూమి ఉపరితలం మీద ఈ రెండు విమానాశ్రయాల మధ్య గల అతి తక్కువ దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. ఈ దూరం ఎన్నటికీ మారనిది. కాని ప్రయాణానికి పట్టే కాలం మాత్రం గాలులను బట్టి, ఋతువును బట్టి, ఏయే దేశాలు తమ గగనతలాన్ని తెరచి ఉంచాయన్నదానిని బట్టి మారుతూ ఉంటుంది. 2016లో ఈ మార్గంలో దాదాపు 1,400 కిలోమీటర్లు అదనంగా ప్రయాణించిన విమానం రెండు గంటలు ముందుగా గమ్యం చేరింది. దూరానికి, కాలానికి ఉన్న సంబంధం అనుకున్నంత సూటిగా ఉండదని చూపడానికి ఈ మార్గం చక్కని ఉదాహరణ.

ముఖ్య వివరాలు

* బయలుదేరు స్థానం: ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం, ఢిల్లీ (28° 34′ ఉత్తర అక్షాంశం, 77° 06′ తూర్పు రేఖాంశం)
* చేరు స్థానం: శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయం (37° 37′ ఉత్తర అక్షాంశం, 122° 22′ పశ్చిమ రేఖాంశం)
* అతి తక్కువ దూరం: సుమారు 12,380 కి.మీ. (7,690 మైళ్ళు, 6,685 నాటికల్ మైళ్ళు)
* కాలమానాల తేడా: శీతాకాలంలో 13 గంటల 30 నిమిషాలు, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు
* ఎయిర్ ఇండియా నేరు విమానం ప్రారంభం: 2015 డిసెంబరు 2

విమానాశ్రయాలు

ఢిల్లీ విమానాశ్రయాన్ని పూర్వం పాలం విమానాశ్రయం అని పిలిచేవారు. 1986లో దీనికి మాజీ ప్రధానమంత్రి ఇందిరా గాంధీ పేరు పెట్టారు. దీని మూడవ టెర్మినల్ 2010లో ప్రారంభమైనది. సుదూర ప్రయాణాలకు వెళ్ళే విమానాలు ఇంధనంతో బాగా బరువెక్కి ఉంటాయి కనుక, అవి గాలిలోకి లేవడానికి పొడవైన రన్‌వే అవసరం. 2008లో ఇక్కడ ప్రారంభించిన రన్‌వే పొడవు 4,430 మీటర్లు.

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం నగరానికి దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అఖాతం ఒడ్డున ఉన్నది. ఇది 1927లో ప్రారంభమైనది. సిలికాన్ వ్యాలీగా పేరు పొందిన ప్రాంతం దీనికి దక్షిణంగా ఉన్నది. కంప్యూటర్ రంగంలో పనిచేసే భారతీయులు, వారిలో తెలుగువారు, ఈ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. పై చదువులకు వెళ్ళే విద్యార్థులు, పిల్లలను చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు ఈ మార్గంలో తరచుగా ప్రయాణిస్తుంటారు. మధ్యలో విమానం మారనక్కరలేని నేరు ప్రయాణం ఒంటరిగా వెళ్ళే వృద్ధులకు, భాష రానివారికి ఎంతో సౌకర్యంగా ఉంటుంది.

దూరాన్ని లెక్కించే పద్ధతి

గోడకు వేలాడదీసే ప్రపంచ పటంలో ఢిల్లీ నుండి తూర్పు దిశగా శాన్ ఫ్రాన్సిస్కోకు ఒక సరళరేఖ గీస్తే, అది చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్ మహాసముద్రాన్ని దాటుతుంది. దిక్సూచిని ఒకే దిశలో నిలిపి ఈ రేఖ వెంట ప్రయాణిస్తే దూరం సుమారు 14,960 కి.మీ. అవుతుంది. కాని ఇది దగ్గరి దారి కాదు. భూమి గోళాకారంలో ఉన్నది, పటం మాత్రం చదునుగా ఉన్నది. గోళాన్ని చదును చేసినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతాలు సాగిపోయి, ఉన్నదానికంటె ఎంతో వెడల్పుగా కనిపిస్తాయి.

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఆ రెండు బిందువుల గుండా, గోళ కేంద్రాన్ని తన కేంద్రంగా కలిగి సాగే వృత్తం మీద ఉంటుంది. దీనినే మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ఎదురెదురుగా ఉండే రెండు రేఖాంశాలు కలిసి మరొక మహావృత్తం. ఇంటిలో గ్లోబు ఉన్నవారు ఒక దారాన్ని ఢిల్లీ మీద, శాన్ ఫ్రాన్సిస్కో మీద ఉంచి బిగించి లాగితే, ఆ దారం తనంతట తానే ఉత్తరానికి జరిగి మహావృత్తం మీద నిలబడుతుంది.

ఈ దూరాన్ని ఉన్నత పాఠశాల త్రికోణమితితోనే లెక్కించవచ్చును. సూత్రం ఇది: రెండు స్థానాల అక్షాంశాల సైన్ల లబ్ధానికి, ఆ అక్షాంశాల కొసైన్లను, రేఖాంశాల మధ్య కోణపు కొసైన్‌ను గుణించగా వచ్చిన లబ్ధాన్ని కలిపితే, భూకేంద్రం వద్ద ఆ రెండు స్థానాల మధ్య ఏర్పడే కోణపు కొసైన్ వస్తుంది.

* ఢిల్లీ అక్షాంశపు సైన్ 0.478, కొసైన్ 0.878
* శాన్ ఫ్రాన్సిస్కో అక్షాంశపు సైన్ 0.610, కొసైన్ 0.792
* రేఖాంశాల మధ్య కోణం 160.5°, దాని కొసైన్ -0.943
* మొదటి లబ్ధం: 0.478 × 0.610 = 0.292
* రెండవ లబ్ధం: 0.878 × 0.792 × (-0.943) = -0.656
* మొత్తం: -0.364. ఈ కొసైన్ విలువ గల కోణం సుమారు 111.35°

మహావృత్తం మీద ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111.2 కి.మీ. దూరం ఉంటుంది. 111.35 × 111.2 చేయగా సుమారు 12,380 కి.మీ. వస్తుంది. భూమి ధ్రువాల వద్ద కొంచెం నొక్కుకొని ఉండడం వలన నిజమైన దూరానికి, ఈ లెక్కకు కొద్ది కిలోమీటర్ల తేడా మాత్రమే ఉంటుంది. పటం మీది సరళరేఖతో పోలిస్తే ఈ దారి సుమారు 2,600 కి.మీ. తక్కువ.

మహావృత్త మార్గం ఎక్కడెక్కడి మీదుగా పోతుంది?

ఈ మహావృత్తం ఢిల్లీ నుండి ఉత్తర దిశకు కేవలం 16 డిగ్రీలు తూర్పుగా బయలుదేరుతుంది. అమెరికా తూర్పున ఉన్నదో పడమరన ఉన్నదో అన్న ప్రశ్న ఇక్కడ దాదాపు అర్థం కోల్పోతుంది. దగ్గరి దారి ఉత్తరాన ఉన్నది. ఈ రేఖ హిమాలయాలను, టిబెట్ పీఠభూమిని దాటి, చైనా లోని షింజియాంగ్ ప్రాంతం మీదుగా ఆల్టాయ్ పర్వతాలను చేరి, మధ్య సైబీరియా మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రంలో ప్రవేశిస్తుంది. అక్కడ 75.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు వెళ్ళి, తిరిగి దక్షిణానికి వంగి, అలాస్కా మీదుగా కెనడా పశ్చిమ తీరం వెంబడి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుంది.

అయితే విమానాలు ఈ రేఖను ఉన్నదున్నట్లుగా అనుసరించవు. అందుకు ముఖ్య కారణాలు:

* ఎత్తైన నేల: విమానం లోపలి గాలి పీడనం ఏ కారణం చేతనైనా పడిపోతే, పైలట్లు విమానాన్ని వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లకు పైగా ఉన్నది. అక్కడ అంత కిందికి దిగడం సాధ్యం కాదు. అందువలన చాలా విమానాలు ఈ పీఠభూమిని తప్పించుకొని వెళతాయి.
* అత్యవసర విమానాశ్రయాలు: రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ చెడిపోయినా మిగిలిన దానితో నిర్ణీత కాలంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేటట్లు మార్గాన్ని ఎంచుకోవాలి. ఈ నియమాలను ఈటాప్స్ అంటారు.
* చలి: జెట్ ఎ-1 రకపు ఇంధనం -47 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువ ప్రాంతాలలో విమానాలు ఎగిరే ఎత్తున బయటి ఉష్ణోగ్రత ఇంతకంటె తక్కువకు పడిపోగలదు కనుక, ట్యాంకులలోని ఇంధనపు ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు గమనిస్తూ ఉండాలి.
* అనుమతులు: ప్రతి దేశానికి తన భూభాగం పైనున్న గగనతలం మీద పూర్తి సార్వభౌమాధికారం ఉన్నది. 1944 డిసెంబరు 7న షికాగోలో సంతకాలు జరిగిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక మొదటి అధికరణమే ఈ సంగతిని చెబుతుంది.

ప్రయాణ కాలం

గాలుల ప్రభావం

పెద్ద ప్రయాణికుల విమానాల వేగం సుమారు గంటకు 900 కి.మీ. ఈ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది, నేలతో పోల్చి చెప్పేది కాదు. గాలే కదులుతున్నప్పుడు విమానం నేల మీది లెక్కలో ఇంకా వేగంగానో, ఇంకా నెమ్మదిగానో పోతుంది. గోదావరిలో పడవకు ప్రవాహం వెంట పోవడానికి, ఎదురెక్కడానికి ఎంత తేడా ఉంటుందో, ఇదీ అటువంటిదే.

భూమికి సుమారు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున, సమశీతోష్ణ మండలాలలో, పడమర నుండి తూర్పుకు బలమైన గాలులు ఇరుకైన ధారలుగా వీస్తూ ఉంటాయి. వీటిని జెట్ స్ట్రీములు అంటారు. వీటి వేగం గంటకు 100 కిలోమీటర్లను మించి, ఒక్కొక్కసారి 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. శీతాకాలంలో ఇవి బలంగాను, వేసవిలో బలహీనంగాను ఉంటాయి. జపాన్, ఉత్తర పసిఫిక్ ప్రాంతాల మీద వీచే జెట్ స్ట్రీము ప్రపంచంలో బలమైన వాటిలో ఒకటి.

గాలి లాభనష్టాలు సమానం కావు. ఉదాహరణకు 12,000 కి.మీ. దూరాన్ని గంటకు 900 కి.మీ. వేగంతో గాలి లేనప్పుడు 13 గంటల 20 నిమిషాలలో దాటవచ్చును. గంటకు 100 కి.మీ. వెనుక గాలి ఉంటే 12 గంటలు, అంతే ఎదురుగాలి ఉంటే 15 గంటలు పడుతుంది. వెనుక గాలి వలన కలిసి వచ్చినది 1 గంట 20 నిమిషాలు, ఎదురుగాలి వలన పోయినది 1 గంట 40 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉండిపోవడమే దీనికి కారణం.

ఒక అపోహ

భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతుంది కనుక, పడమరకు వెళ్ళే విమానానికి గమ్యమే ఎదురువచ్చి ప్రయాణ కాలం తగ్గాలని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది, నేల మీద నిలచి ఉన్న విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంటుంది. నడుస్తున్న రైలులో పైకి ఎగిరినవాడు తిరిగి అదే చోట దిగినట్లే ఇదీను. భూభ్రమణం ప్రయాణ కాలాన్ని నేరుగా మార్చదు. అయితే జెట్ స్ట్రీములు పడమర నుండి తూర్పుకు మళ్ళడానికి భూభ్రమణం ఒక కారణం కనుక, గాలుల ద్వారా దాని ప్రభావం పరోక్షంగా ఉంటుంది.

మూడు రకాల కాలాలు

ప్రయాణ కాలం అన్న మాటకు మూడు అర్థాలు ఉన్నవి. విమానం నేలను వదలినప్పటి నుండి నేలను తాకే వరకు పట్టేది గగన కాలం. విమానం నిలిచిన చోటి నుండి కదలినప్పటి నుండి, గమ్యంలో తిరిగి నిలిచే వరకు పట్టేది బ్లాక్ కాలం. టికెట్ల మీద ముద్రించేది ఈ రెండవ దానినే. ఇది గగన కాలం కంటె సాధారణంగా అరగంట లేక అంతకు మించి ఎక్కువగా ఉంటుంది. ఇక ఇంటి నుండి బయలుదేరి, తనిఖీలు ముగించుకొని, మధ్యలో ఆగవలసిన చోట ఆగి, గమ్యంలోని ఇంటికి చేరే వరకు పట్టేది మూడవది. ప్రయాణికునికి అలసట కలిగించేది ఈ మూడవదే.

గడియారం చూపే కాలం

భారత ప్రామాణిక కాలం గ్రీనిచ్ కాలం కంటె 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో శీతాకాలంలో గ్రీనిచ్ కంటె 8 గంటలు, వేసవిలో 7 గంటలు వెనుక ఉంటుంది. 2007 నుండి అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారం నాడు గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం నాడు తిరిగి వెనుకకు జరుపుతున్నారు.

ఒక విమానం జనవరి 10న ఉదయం 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి 15 గంటలు ప్రయాణించినదనుకుందాము. చేరేసరికి ఢిల్లీలో రాత్రి 7 గంటలు. శాన్ ఫ్రాన్సిస్కోలో అదే జనవరి 10 ఉదయం 5 గంటల 30 నిమిషాలు. గడియారం ప్రకారం ప్రయాణం గంటన్నర మాత్రమే. తిరుగు ప్రయాణంలో జనవరి 20న ఉదయం 10 గంటలకు శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 16 గంటలు ప్రయాణిస్తే, ఢిల్లీలో జనవరి 21 మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాలు అవుతుంది. గడియారం ప్రకారం 29 గంటల 30 నిమిషాలు. రానుపోను రెండింటినీ కూడితే మొత్తం 31 గంటలు. ఇది నిజంగా ప్రయాణించిన 15, 16 గంటల మొత్తానికి సమానం. పోయేటప్పుడు మిగిలినట్లు కనిపించిన కాలం వచ్చేటప్పుడు తిరిగి చెల్లిపోతుంది. టికెట్టు మీది వేళలను చూసి ప్రయాణ కాలాన్ని తెలుసుకోవాలంటే రెండు వేళలనూ ఒకే కాలమానంలోకి మార్చుకొని తీసివేయాలి.

చరిత్ర

అట్లాంటిక్ మార్గం (2015)

ఎయిర్ ఇండియా సంస్థ 2015 డిసెంబరు 2న ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు నేరు విమానాన్ని ప్రారంభించినది. అప్పటికి ఈ సంస్థ ప్రభుత్వ రంగంలో ఉన్నది (2022 జనవరి 27న టాటా సంస్థ చేతికి వచ్చినది). ఇందుకు బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానాన్ని ఉపయోగించారు. ఈ రకపు విమానం 2005 నవంబరులో హాంగ్‌కాంగ్ నుండి తూర్పు దిశగా లండన్ వరకు 21,602 కి.మీ. ఆగకుండా ప్రయాణించి రికార్డు నెలకొల్పినది. ఆ ప్రయాణానికి 22 గంటల 42 నిమిషాలు పట్టినది. మొదట్లో ఢిల్లీ విమానం ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రాల మీదుగా వెళ్ళేది. ఈ దారి పొడవు సుమారు 13,900 కి.మీ. పడమరకు పోవడం వలన ఎదురుగాలులు తప్పేవి కావు.

పసిఫిక్ మార్గం (2016)

2016 అక్టోబరులో ఈ విమానాన్ని తూర్పు దిశగా బంగాళాఖాతం, మయన్మార్, చైనా, జపాన్, పసిఫిక్ మహాసముద్రాల మీదుగా నడిపారు. దూరం సుమారు 15,300 కి.మీ.కి పెరిగినది. అయినా ప్రయాణం 14 గంటల 30 నిమిషాలలో ముగిసినది. అంటే నేల మీది లెక్కలో సగటు వేగం గంటకు సుమారు 1,055 కి.మీ. అట్లాంటిక్ మార్గంతో పోలిస్తే సుమారు రెండు గంటలు ఆదా అయినది. ఆ మార్గంలో సగటు వేగం గంటకు 840 కి.మీ. మాత్రమే వస్తుంది. ఈ విమానం గంటకు సుమారు 9 వేల లీటర్ల ఇంధనాన్ని ఖర్చు చేస్తుంది కనుక, రెండు గంటల ఆదా అంటే సుమారు 18 వేల లీటర్లు. విమానాన్ని నడిపేవారికి కిలోమీటర్ల కంటె గంటలే ముఖ్యం అన్న సంగతి దీనితో స్పష్టమవుతుంది.

ధ్రువ ప్రాంత మార్గం (2019)

2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా నడిపినది. ఇది మహావృత్త మార్గానికి దగ్గరగా ఉండే దారి. వేసవిలో పసిఫిక్ మీది గాలులు బలహీనపడినప్పుడు తక్కువ దూరమే లాభదాయకం అవుతుంది.

2021 జనవరిలో ఇదే సంస్థ శాన్ ఫ్రాన్సిస్కో - బెంగుళూరు నేరు విమానాన్ని ప్రారంభించినది. మొదటి విమానం జనవరి 9 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు ప్రయాణించి జనవరి 11 తెల్లవారుజామున బెంగుళూరు చేరినది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 13,990 కి.మీ. ఆ విమానాన్ని నడిపిన నలుగురు పైలట్లూ మహిళలే. వారు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్.

మూతపడిన గగనతలాలు

పటం మీద ఎంత చక్కని దారి ఉన్నా, మధ్యలోని ఒక్క దేశం కాదంటే ఆ దారి లేనట్లే.

బాలాకోట్ ఘటన అనంతరం 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసి, జూలై 16న తిరిగి తెరిచినది. ఢిల్లీ నుండి పడమరకు వెళ్ళే విమానాలు దక్షిణంగా అరేబియా సముద్రం వైపు చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చినది. దీని వలన ఎయిర్ ఇండియాకు జూలై 2 వరకు 491 కోట్ల రూపాయల నష్టం కలిగినట్లు కేంద్ర పౌర విమానయాన మంత్రి పార్లమెంటుకు తెలిపారు. పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మరల మూసివేసినది. ఏప్రిల్ 30న భారతదేశం కూడా పాకిస్తాన్ విమానాలకు తన గగనతలాన్ని మూసివేసినది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అమెరికా, ఐరోపా దేశాల విమానాలకు రష్యా గగనతలం అందుబాటులో లేకుండా పోయినది. అమెరికాకు చెందిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2019 డిసెంబరులో ప్రారంభించిన శాన్ ఫ్రాన్సిస్కో - ఢిల్లీ నేరు విమానాన్ని 2022 మార్చిలో నిలిపివేసినది. భారతీయ విమానాలకు రష్యా మీదుగా వెళ్ళే వీలు కొనసాగినది.

మగదాన్ సంఘటన (2023)

2023 జూన్ 6న 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బందితో ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం ఒక ఇంజన్‌లో లోపం తలెత్తడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ పట్టణంలో క్షేమంగా దిగినది. దారి పొడుగునా అందుబాటులో విమానాశ్రయం ఉండాలన్న నియమం ఎందుకు ఉన్నదో ఈ సంఘటన తెలియజేస్తుంది. చిన్న పట్టణం కావడంతో అందరికీ హోటళ్ళు చాలక, ప్రయాణికులను తాత్కాలిక వసతులలో ఉంచారు. వారిలో పిల్లలు, వృద్ధులు ఉన్నారు. మరునాడు ముంబై నుండి మరొక విమానాన్ని ఆహార పదార్థాలతో సహా పంపించారు. ఆ విమానం ప్రయాణికులను ఎక్కించుకొని జూన్ 8 ఉదయం మగదాన్‌లో బయలుదేరి, అంతర్జాతీయ దినరేఖను దాటి, శాన్ ఫ్రాన్సిస్కోలో అదే జూన్ 8 తేదీ అర్ధరాత్రి దాటిన కొద్ది సేపటికి దిగినది. అంటే గడియారం ప్రకారం వారు బయలుదేరడానికి పది గంటల ముందే చేరుకున్నట్లు లెక్క.

తెలుగు ప్రాంతాల నుండి ప్రయాణం

హైదరాబాదు శంషాబాద్ లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 13,540 కి.మీ. ఢిల్లీ మీదుగా వెళితే మొత్తం సుమారు 13,650 కి.మీ. దగ్గరి దారి ఉత్తర దిశగానే సాగుతుంది కనుక, ఢిల్లీలో ఆగడం వలన పెరిగే దూరం కేవలం 110 కి.మీ. మాత్రమే. దుబాయి మీదుగా వెళితే హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 2,550 కి.మీ., అక్కడి నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 13,040 కి.మీ., మొత్తం సుమారు 15,590 కి.మీ. అవుతుంది. అయినప్పటికీ మొత్తం కాలాన్ని తరచుగా నిర్ణయించేది దూరం కాదు, మధ్యలో విమానం కోసం వేచి ఉండే వ్యవధి. 2,000 కిలోమీటర్ల అదనపు దూరానికి సుమారు రెండుంబావు గంటలు పడితే, మారవలసిన విమానం ఒకటి తప్పిపోయినందువలన ఒక రోజంతా పోవచ్చును.

హైదరాబాదు నుండి అమెరికాకు మొట్టమొదటి నేరు విమానాన్ని ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న షికాగో నగరానికి నడిపినది.

ఆరోగ్య విషయాలు

ఎగిరే విమానం లోపల గాలి పీడనం సుమారు 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నట్లుగా ఉంటుంది. గాలిలో తేమ చాలా తక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చున్నవారికి కాళ్ళలోని సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఉన్నది. అప్పుడప్పుడు లేచి నడవడం, కూర్చున్న చోటనే పాదాలు కదలించడం, తగినంత నీరు త్రాగడం మంచిది. గుండె జబ్బులు, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ప్రతిదినం వేళకు మందులు వేసుకొనేవారు కాలమానం మారినప్పుడు ఏ వేళకు వేసుకోవాలో కూడా వైద్యుని అడిగి తెలుసుకొని, మందులను చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

పగలు రాత్రి తారుమారు కావడం వలన కలిగే నిద్రలేమిని, అలసటను జెట్ లాగ్ అంటారు. 12, 13 గంటల తేడా ఉన్న ఈ ప్రయాణంలో శరీరం కొత్త వేళలకు పూర్తిగా అలవాటు పడడానికి ఒక వారం లేక అంతకంటె ఎక్కువ కాలం పట్టవచ్చును. పగటి వేళ ఎండ వెలుతురులో గడపడం ఇందుకు తోడ్పడుతుంది.

ఇతర సుదూర మార్గాలతో పోలిక

సింగపూరు - న్యూయార్క్ (జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయం) నేరు విమానం 2020 నవంబరు 9న ప్రారంభమైనప్పుడు ప్రపంచంలోకెల్లా దూరపు నేరు ప్రయాణంగా నమోదైనది. దాని మహావృత్త దూరం సుమారు 15,350 కి.మీ. భూమి మీద ఏ రెండు స్థానాల మధ్యనైనా ఉండగల అతి ఎక్కువ దూరం భూపరిధిలో సగం, అనగా సుమారు 20,000 కి.మీ. ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో దూరం అందులో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ.

ఇవి కూడా చూడండి

* ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* ఎయిర్ ఇండియా
* శాన్ ఫ్రాన్సిస్కో
* అక్షాంశం
* రేఖాంశం
* అంతర్జాతీయ దినరేఖ
* భారత ప్రామాణిక కాలం